బాటసింగారం గుట్ట మీద జపాను అడవి

నేను జపాను చూడలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. తర్వాత ఎవరి ద్వారానో తెలిసి, "ఈయనా మనకు పాఠాలు చెప్పొచ్చేది" అని మీరు మూతి తిప్పుకోవడం నాకు ఇష్టం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో, గాజుల దుకాణం మీద రెండో అంతస్తులో, పదకొండేళ్లు జపనీసు భాష నేర్పాను. నా దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లు ఆ దేశంలో చాలా ఊళ్లలో ఉన్నారు. తూర్పు దిక్కుగా నేను చేసిన అతి పెద్ద ప్రయాణం మాత్రం విజయవాడ దాకానే.

అసలు నేను ఫిట్టర్ని. పని చేసిన ఫ్యాక్టరీకి జపాను నుంచి యంత్రాలొచ్చాయి, వాటి వెంట ఇద్దరు ఇంజనీర్లొచ్చారు, దుబాసీ మాత్రం రాలేదు. వాళ్ల మాట ఎవరో ఒకరికి అర్థం కావాలి గనక నాకు అర్థం కావడం మొదలైంది. నేను నేర్చుకున్న మొదటి జపనీసు మాటకు అర్థం "ముట్టుకోవద్దు". రెండోది, "చెప్పానా, ముట్టుకోవద్దని". ఆ భాషలో నాతో ఎవరైనా మంచిగా మాట్లాడటానికి రెండేళ్లు పట్టింది. పట్టుదల కొద్దీ సాయంత్రాలు చదివి, పరీక్షలు రాసి, రిటైరయ్యే నాటికి పాఠం చెప్పగలిగినంత నేర్చుకున్నాను. రిటైరయ్యాక కర్మన్‌ఘాట్ ఇంట్లో మూడు వారాలు కూర్చునేసరికి మా ఆవిడ, "మీకొచ్చిన గా భాషేదో బయట ఎక్కడన్న మాట్లాడుకోరాదున్రి" అంది. అలా ఉపాధ్యాయుణ్ణయ్యాను.

కోచింగ్ సెంటర్ యజమానిది గుంటూరు వైపు. ఆయనకు జపనీసు ముక్క రాదు. కానీ దిల్‌సుఖ్‌నగర్ బాగా వచ్చు. "ఈ సందులో ఏ భాష నేర్పినా జనం వస్తారండీ మాస్టారూ. బోర్డు మీద అక్షరాలు ఎర్రగా ఉండాలి, మెట్ల దగ్గర చెప్పులు కనబడాలి, అంతే" అనేవాడు. చెప్పుల సంఖ్య తగ్గిన రోజున తన ఇంటి నుంచి కూడా నాలుగు జతలు తెచ్చి పెట్టేవాడని నా అనుమానం. మనిషి మంచివాడు. నమ్మకాలు కొంచెం ఎక్కువ.

ఇప్పుడు చెప్పబోయేది నేను పాఠాలు మొదలుపెట్టిన ఎనిమిదో ఏటి సంగతి. జపానులో మంచుకొండల మధ్య ఉన్న ఒక చిన్న ఊరి వృద్ధాశ్రమం వాళ్లు, ముసలివాళ్లను చూసుకోవడానికి మన నర్సులు కావాలన్నారు. అందరూ అడిగే పరీక్షలు అడిగారు. వాటితో పాటు ఒక వింత పరీక్ష పెట్టారు. ఆ ఊళ్లో వసంతం రాగానే ముసలివాళ్లకు కాలు నిలవదట. మన అమ్మమ్మలు పొన్నగంటి కూర కోసం గట్ల వెంట పోయినట్టు, వాళ్లు అడవిలో మొలిచే కూరల కోసం కొండెక్కుతారు. జారిపడతారు, దారి తప్పుతారు, ఒక్కోసారి ఎలుగుబంటికి ఎదురుపడతారు. అందుకని అక్కడ పని చేసేవాళ్లెవరైనా సరే, ప్రమాదం జరిగితే ఫోన్‌లో రక్షణ దళానికి వివరం చెప్పగలగాలి. వీడియోలో ఇంటర్వ్యూ చేస్తారు, ఒక ప్రమాదాన్ని ఊహించుకొని చెప్పమంటారు. ఒక్కొక్కరికి మూడే అవకాశాలు.

దానికి కావలసిన మాటల పట్టీ కూడా పంపారు. చదువుతుంటే నాకే చెమట పట్టింది. కొండలోనో సముద్రంలోనో దిక్కులేకుండా చిక్కుకుపోతే "సోనన్". మనిషి జాడ తెలియకపోతే "యుకుఎ ఫుమే". ఫోన్‌కు సిగ్నల్ అందని చోటు "కెన్‌గాయ్". ఎముక విరిగితే "కొస్సెత్సు", బెణికితే "నెన్‌జా". ఇక పడటానికే మూడు మాటలు. నడుస్తూ నడుస్తూ నేల మీద పడితే "తెన్‌తో". ఎత్తు నుంచి కిందికి పడితే "తెన్‌రకు". కొండవాలు మీద జర్రున జారిపోతే "కత్సురకు". మనమైతే మూడింటికీ "పడ్డడు" అని ఊరుకుంటాం, ఆ పైన "కండ్లు కనబడ్తలేవా" అని పడ్డవాడినే తిడతాం. వాళ్లు అలా కాదు. ఎలా పడ్డాడో తేలితేగానీ ఎలా తీయాలో తెలియదంటారు. ఆ పద్ధతి చూసి నాకు ముచ్చటేసింది, ఎంతైనా ఫిట్టర్ని కదా.

యజమానికి ముచ్చటేయలేదు. తరగతి గది బయట నిలబడి నేను చెప్పే అర్థాలు విని, నెమ్మదిగా లోపలికి వచ్చాడు.

"ఏంటి మాస్టారూ ఇది! ప్రయాణం పెట్టుకున్న పిల్లల చేత ఎముకలు విరగడాలు, లోయలో పడటాలు పలికిస్తారా? తథాస్తు దేవతలు తిరుగుతుంటారండీ."

"వాళ్లకు జపనీసు రాదు లెండి" అన్నాను.

పిల్లలు పకపకా నవ్వారు. ఆ మాట నేను మరిచిపోయినా ఆయన మరిచిపోలేదు. చివరికి రాజీ ఒకటి కుదిరింది. పాఠం అయిపోగానే అందరూ కలిసి "బుజి" అని మూడుసార్లు అనాలి. క్షేమం అని దాని అర్థం. అది అన్నాకే ఆయన తలుపు తీసేవాడు.

ఆ తరగతిలో ఉన్న తొమ్మిది మందిలో ఒక అమ్మాయి గురించి మీకు చెప్పాలి. పేరు చెప్పను, తనకు ఇష్టం ఉండదు. నల్గొండ దగ్గరి పల్లె, క్రైస్తవ కుటుంబం. మలక్‌పేటలో ఒక ఆసుపత్రి వార్డులో ఆరేళ్లు నర్సుగా చేసింది. డ్యూటీ దిగి, హాస్టల్లో ముఖం కడుక్కొని, నేరుగా తరగతికి వచ్చేది. మాటలన్నీ అందరికంటే ముందే అప్పజెప్పేది. రాత పరీక్షలో పట్టిందల్లా బంగారం. కానీ ప్రమాదం ఇంటర్వ్యూలో మొదటిసారే బోల్తా కొట్టింది.

ఎలాగంటారా. తెర మీద ఉన్న ఇద్దరు పరీక్షకుల్లో ఒకాయన, "నేను అడవిలో కూరలు కోస్తూ లోయలో పడ్డాను. నువ్వు నన్ను చూశావు. ఇదిగో ఫోన్, చెప్పు" అన్నాడు. ఈ అమ్మాయి ఫోన్ పక్కన పెట్టేసింది. కుర్చీలోంచి లేచి, నేల మీద గొంతుక్కూర్చొని, అక్కడెవరో ఉన్నట్టు చెయ్యి చాచి, "దైజోబు, దైజోబు" అంది. ఏం కాలేదు, ఏం కాలేదు అని.

"మీరెక్కడున్నారు?" అని అడిగాడాయన.

"దైజోబు."

"ఎంతమంది పడ్డారు?"

"దైజోబు."

తెరలో ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గది మూలన నేను పళ్లు నూరుకున్నాను.

ఈ జబ్బు ఆమె ఒక్కదానిదీ కాదని మీకూ తెలుసు. మన దగ్గర ఎవరైనా పడితే మొదట వచ్చే మాట అదే. పిల్లవాడు గచ్చు మీద మోకాలు కొట్టుకుంటే "ఏం కాలె, ఏం కాలె, లే". బైకు కింద పడి లేచినవాడిని ఎవరైనా అడిగితే "ఏం కాలె". రక్తం కారుతూనే ఉంటుంది, ఏం కాలేదు. తరగతిలో మిగతా ఎనిమిది మందికీ ఈ అలవాటు ఉంది, రెండు వారాలు తిడితే మానేశారు. ఈమె మానలేదు. ఆరేళ్లు వార్డులో రోజుకు నూరుసార్లు అన్న మాట, నాలుక కంటే ముందు చేతిలోంచే వచ్చేది. రెండో ఇంటర్వ్యూలో ఫోన్ పట్టుకొనే మొదలుపెట్టింది, నా గుండె కుదుటపడింది. "పడిన మనిషికి చాలా నొప్పిగా ఉంది" అని పరీక్షకుడు అనగానే ఫోన్ కింద పెట్టి మళ్లీ గొంతుక్కూర్చుంది.

మిగతా ఎనిమిది మంది ఎంపికయ్యారు. ఈమెకు మిగిలింది ఒక్క అవకాశం.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మొదటిసారి తప్పాక, "రెండు పడవల మీద కాళ్లెందుకు బిడ్డా, నౌకరి ఇడిచిపెట్టి పూర్తిగ దీని మీద కూసో" అని చెప్పింది నేనే. నా మాట విని వదిలేసింది. ఆ ఖాళీలో ఆసుపత్రివాళ్లు ఇంకొకరిని పెట్టుకున్నారు. ఊళ్లో పరిస్థితి ఇంకా ఘోరం. వాళ్ల నాన్న చర్చిలో అందరి ముందు లేచి సాక్ష్యం చెప్పేశాడు, కూతురు జపాను పోతోందని. అప్పటి నుంచి సంఘమంతా ప్రతి ఆదివారం ఆమె కోసం ప్రార్థన చేస్తోంది. "పోయిన వారం మంచుల జారకుండ ఉండాలని చేసిన్రంట సార్. నేనింక దిల్‌సుఖ్‌నగర్‌లనే ఉన్న. ఊరికెట్ల పోను? దేవుడు ఇన్నా, ఇనకపోయినా నాకే పరేషాన్" అంది ఒకరోజు. నవ్వుతూనే అంది. కళ్లు నవ్వలేదు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. సలహాలు ఉచితంగా ఇచ్చేవాడిని జనం ఎందుకు దండించరో నాకు ఇప్పటికీ తెలియదు.

గోడల మధ్య కూర్చొని అడవిని ఊహించుకోమంటే పిల్లలకు ఎలా వస్తుంది అనిపించింది. అందరినీ నిజంగా ఒక గుట్టకు తీసుకుపోతే? బాటసింగారంలో పండ్ల మార్కెట్ వెనక, పొలాల అంచున ఒక గుట్ట ఉంది. బండలు, తుమ్మచెట్లు, సీతాఫలం పొదలు. పైనుంచి చూస్తే మామిడికాయల లారీలు కనబడతాయి, వేలంపాట వినబడుతుంది. దిక్కులేని అడవి అనడానికి కొంచెం మొహమాటంగా ఉంటుంది. కానీ ఎల్బీ నగర్ నుంచి ఒక్క బస్సులో పోగలిగిన అడవి అదొక్కటే.

పథకం నాదే, అందుకే మీకు వివరంగా చెబుతాను. దారి తప్పిన ముసలివాడిని నేను. అరవై ఆరేళ్లు గనక వేషం అక్కర్లేదు. బండల్లో ఎక్కడో దాక్కుంటాను. పిల్లలు వెతకాలి, దొరికాక ఫోన్ చేసి చెప్పాలి. సెంటర్లో కూర్చున్న యజమాని రక్షణ దళం. ఆయనకు ఐదు ప్రశ్నలు తెలుగు లిపిలో రాసిచ్చాను: ఎక్కడ? ఎంతమంది? ఏమైంది? స్పృహ ఉందా? ఏం కావాలి? జవాబులు ఆయనకు అర్థం కావు, అర్థం కానక్కర్లేదు కూడా. ప్రతి జవాబుకూ ఒక టిక్కు పెట్టాలి. గుట్ట మీద, ఫోన్‌లో, ఐదు టిక్కులు పడేదాకా ఎవరూ తెలుగు మాట్లాడకూడదు. మాట్లాడినవాళ్లు అందరికీ చెరకు రసం తాగించాలి.

ఎంపికైనవాళ్లు కూడా వచ్చారు, స్నేహితురాలికి తోడుగా. చెరకు రసం ఆశ కూడా ఉండవచ్చు.

ఎండాకాలం. పొద్దున తొమ్మిదింటికే బండలు కాలుతున్నాయి. నేను ఒక్కడినే ముందు ఎక్కి, పక్కపక్కనే ఉన్న రెండు పెద్ద బండల నడుమ దాక్కోవడానికి చోటు చూసుకున్నాను. తేలిగ్గా దొరికే చోటు. అది నాకు నచ్చలేదు. ఇంకొంచెం లోపలికి పోతే పిల్లలకు సవాలుగా ఉంటుందని అటు కాలు వేశాను. చెప్పు జారింది. వాలు మీద నాలుగడుగులు జారి, అక్కడి నుంచి మనిషి ఎత్తు కిందికి పడ్డాను. కుడి కాలు రాళ్ల నడుమ ఇరుక్కొని టప్‌మంది. ఆ చప్పుడు నాకు తెలుసు. ఫ్యాక్టరీలో షాఫ్టు విరిగినప్పుడు విన్నాను.

"అమ్మా, సచ్చిన్రా!" అని అరిచాను.

వెనకే వెతుకుతూ ఎక్కిన పిల్లల చప్పట్లు పైన మోగాయి. ఎనిమిది తలకాయలు బండ అంచు మీదుగా తొంగిచూశాయి.

"సార్ తెలుగు మాట్లాడిన్రు! చెరుకు రసం, చెరుకు రసం!"

"అరే, యాక్టింగ్ జూడున్రే. మస్తు చేస్తున్నరు సార్."

నిజంగానే పడ్డానని చెప్పడానికి నోరు తెరిచాను. మూలుగు తప్ప మాట రాలేదు. అది ఇంకా గొప్ప నటన అనుకున్నారు. అంతటితో అయిపోలేదు. వాళ్లలో వాళ్లకు వాదన మొదలైంది. నేను ముందు జారాను, తర్వాత పడ్డాను గనక అది కత్సురకునా, తెన్‌రకునా? ఒకరు జారుడే ప్రధానం అన్నారు. ఒకరు చివరికి ఎలా చేరాడన్నదే లెక్క అన్నారు. ఎనిమిది మంది బండ మీద నిలబడి వాదించుకుంటున్నారు, నేను కింద పడి ఉన్నాను. అంత శ్రద్ధగా పాఠం చెప్పిన నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ అమ్మాయి వాదనలో లేదు. చున్నీ నడుముకు చుట్టుకొని, వెనక్కి తిరిగి, చేతులతో బండ పట్టుకుంటూ దిగింది. నా ముఖం చూసింది, కాలు చూసింది. అంతే, పైకి ఒకే కేక వేసింది.

"యాక్టింగ్ కాదు! కాలు ఇరిగింది. ఇద్దరు కిందికి ఉరుకున్రి, మార్కెట్ల ట్రాలీ ఆటో ఏదుంటే గది తీస్కరాండ్రి. మిగిలినోళ్లు నీళ్లు, రెండు సక్కటి కట్టెలు."

నాకు ఎక్కడలేని అభిమానం పొడుచుకొచ్చింది. పిల్లల ముందు పడ్డాను. నా గుట్ట మీద, నా పథకంలో పడ్డాను. "ఏం కాలె బిడ్డా, ఏం కాలె. జర చెయ్యియ్యి, లేస్త" అన్నాను.

ఆమె నా ఛాతీ మీద అరచెయ్యి ఆనించి, లేవనీయకుండా పట్టుకుంది.

"పడ్డోళ్లు గా మాట అనొద్దు సార్. పక్కకున్నోళ్లు అనాలె."

నేను మళ్లీ బండకు ఒరిగాను.

"ఏం కాలె సార్. నేనున్న. ఇగ చెప్పున్రి, ఎక్కడ నొస్తుంది? కాలి వేళ్లు కదుల్తున్నయా? తలకు తాకిందా?"

ఆమె నోరు నన్ను ఊరడిస్తూనే ఉంది, చేతులు మాత్రం ఒక్క క్షణం ఆగలేదు. చెప్పు విప్పింది, వేళ్లు నొక్కి చూసింది, కట్టెలు రెండు వైపులా పెట్టి చున్నీతో కాలు కట్టింది. నేను రెండు నెలల పాటు తప్పు అని ఎర్ర సిరాతో కొట్టేసిన మాట అదే. ఆ మాట విన్నాకే నా ఊపిరి కాస్త సర్దుకుంది. నొప్పి ఎక్కడుందో చెప్పగలిగింది కూడా ఆ తర్వాతే. సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పి వల్ల అనుకొని ఆమె ఇంకా మెల్లగా కట్టింది.

కట్టడం అయ్యాక సెంటర్‌కు ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టింది.

"సార్, మన సార్ నిజంగనే పడ్డరు..."

"తెలుగు మాట్లాడకూడదమ్మా!" రక్షణ దళం గొంతు ఖంగుమంది. "రూలు రూలే. చెరకు రసం అవుతుంది. ఊఁ, చెప్పు. దొకొ దెస్ క?" ఎక్కడ అని.

ఆమె నా వైపు చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియక నేను తల ఊపాను. అప్పుడు చెప్పింది, జపనీసులో, ఒక్క తప్పు లేకుండా. ఎక్కడంటే, బాటసింగారం పండ్ల మార్కెట్ వెనక గుట్ట, తూర్పు వైపు బండల కింద. ఒక్క మనిషి, పురుషుడు, అరవై ఆరేళ్లు. ముందు కత్సురకు, తర్వాత తెన్‌రకు. కుడి చీలమండ కొస్సెత్సు. స్పృహ ఉంది, నడవలేడు. వాహనం కావాలి, ఎముకల డాక్టరు కావాలి. అవతల ఒక్కొక్క టిక్కూ పడుతోంది. ఇందాక వాదించుకున్నవాళ్లకు తీర్పు కూడా దొరికింది, రెండూ చెప్పాలి.

"శభాషమ్మా! ఐదుకు ఐదు" అన్నాడాయన, ఒక్క ముక్క అర్థం కాకుండానే.

"ఇప్పుడు తెలుగుల చెప్పొచ్చా సార్? మన సార్ కాలు నిజంగనే ఇరిగింది. ఎల్బీ నగర్ల ఎముకల దవాఖానకు తీస్కస్తున్నం. మీరు గాడికి రాండ్రి."

అవతల పెన్ను కింద పడిన చప్పుడైంది.

మామిడికాయల ఖాళీ డబ్బాల మధ్య, ట్రాలీ ఆటోలో నన్ను తెచ్చారు. దారి పొడుగునా గుంతలు. ప్రతి గుంతకూ ఆమె, "ఏం కాలె సార్" అంటూనే ఉంది. నేను మాత్రం ఆ మాట మళ్లీ అనలేదు. దవాఖానలో కట్టు వేశాక యజమాని నా మంచం పక్కన కూర్చొని, కట్టును తేరిపార చూసి, నిట్టూర్చాడు.

"వచ్చని తేలింది కదండీ మాస్టారూ."

"ఏమిటొచ్చు?"

"జపనీసు. తథాస్తు దేవతలకి."

వారం తిరక్కుండానే ఆమె మూడో ఇంటర్వ్యూ. నలుగురు పట్టుకొని నన్ను రెండో అంతస్తుకు మోసుకొచ్చారు. ముందురోజు ఆమెతో ఒక్కటే చెప్పాను. "ఇన్ని రోజులు నేను నీకు తప్పు చెప్పిన బిడ్డా. గా మాట తీసేయకు. పడ్డ మనిషికి చెప్పేది వేరు, ఫోన్ల చెప్పేది వేరు. ముందుగాల పడ్డోళ్ల దిక్కు తిరుగు, చెప్పు. తర్వాత ఫోన్ దిక్కు తిరుగు." ఆమె, "గుట్ట మీద గట్లనే చేసిన కద సార్" అంది. నిజమే. పాఠం తను చెప్పింది, నేను ఆలస్యంగా నోట్సు రాసుకున్నాను.

ఈసారి తెర మీద ఆ ఆశ్రమం పెద్దామె స్వయంగా కూర్చుంది. తెల్లజుట్టు, సన్నటి కళ్లద్దాలు. "నీకిష్టమైన ప్రమాదం చెప్పు" అంది. ప్రమాదాల్లో ఇష్టమైనది అడగడం నేను అప్పుడే విన్నాను.

మా నర్సు అమ్మాయి ఫోన్ చేత్తో పట్టుకునే ఉంది. పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు వంగి, "దైజోబు, నేనున్నాను" అంది జపనీసులో. తర్వాత నిటారుగా కూర్చొని, ఫోన్ చెవికి ఆనించుకొని, చెప్పడం మొదలుపెట్టింది. పండ్ల మార్కెట్ వెనక కొండ. ఒక్క మనిషి. మా గురువుగారు.

"గాయపడిన మనిషి ఏమంటున్నాడు?" పెద్దామె అడిగింది. ఇది పట్టీలో లేని ప్రశ్న.

"ఏం కాలేదు అంటున్నాడు. నమ్మకండి. అబద్ధం. ఎముక విరిగింది."

పెద్దామె కళ్లద్దాలు తీసి నవ్వింది. ఆ ఊరి ముసలివాళ్లు కూడా లోయలోంచి అదే మాట అరుస్తారని చెప్పింది. ఇంత మాత్రానికే నేను ఊరుకుంటే బాగుండేది. సంతోషం పట్టలేక, మూల నుంచి కట్టు కట్టిన కాలు తెరకు కనబడేలా పైకెత్తాను. కుర్చీ ఊగింది. యజమాని పట్టుకోకపోతే రెండో ప్రమాదం కూడా అక్కడే నమోదయ్యేది.

మూడో రోజున ఎంపికైనట్టు కబురొచ్చింది. యజమాని మెట్ల మీద అందరి చెప్పుల మధ్య నిలబడి టెంకాయ కొట్టాడు. వాళ్ల నాన్న ఊరి నుంచి సీతాఫలాలు తెస్తానని ఫోన్ చేశాడు. సీతాఫలాల కాలం కాదు కదా అంటే, "ప్రార్థన చేస్తున్నం సార్" అన్నాడు. వెళ్లే రోజు ఆమె మా ఇంటికి వచ్చి, "ఇత్తెకిమాస్" అంది. వాళ్ల భాషలోనూ బయలుదేరేటప్పుడు పోతానని అనరు, పోయొస్తానంటారు. అది మన యజమానికి ఎంత నచ్చిందంటే, బోర్డు మీద కూడా రాయించాడు.

ఈ కథ ఇక్కడితో ఆపితే నాకు గౌరవంగా ఉంటుంది. కానీ మీలో చాలామంది ఎక్కడెక్కడికో పోయేవాళ్లు, కాబట్టి మిగిలింది కూడా చెబుతాను.

చలికాలం మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. నా కాలు ఎలా ఉందని అడిగింది. మా ఆవిడనడిగింది. అక్కడ మంచు పడటం మొదలైందని, ముసలమ్మలు తనను బాగా చూస్తున్నారని చెప్పింది.

"నువ్వెట్లున్నవ్ బిడ్డా?"

"మంచిగున్న సార్. ఏం కాలె."

ఆ మాట ఎక్కడో తగిలింది. ఎట్లున్నవంటే "మంచిగున్న" అని ఊరుకుంటారు. ఏమైందని నేను అడగనే లేదు.

"పడ్డోళ్లు గా మాట అనొద్దు. పక్కకున్నోళ్లు అనాలె" అన్నాను.

నేను రక్షణ దళం గొంతు తెచ్చుకున్నాను. "దొకొ దెస్ క?"

ఆమె జవాబిచ్చింది, మెల్లగా, పద్ధతిగా, జపనీసులో. ఎక్కడంటే, రెండో అంతస్తు గది, కిటికీ అవతల కొండ. ఎంతమంది అంటే, ఒక్కరు. తనతో పోయిన ఎనిమిది మందినీ వేరే ఊళ్ల శాఖలకు పంపారు. ఏమైందంటే, పోయిన వారం తను రోజూ అన్నం తినిపించే ముసలమ్మ చనిపోయింది, అందరూ వంగి నమస్కారం చేసి పనుల్లో పడ్డారు, తను ఏడవడానికి చోటు దొరకలేదు. స్పృహ ఉంది. నడవగలదు.

"నాని గ హిత్సుయో దెస్ క?" ఏం కావాలి?

ఐదో జవాబు మాత్రం తెలుగులో వచ్చింది.

"జరసేపు మాట్లాడున్రి సార్. గంతే."

"ఏం కాలె బిడ్డా. నేనున్న" అన్నాను. తను ఏడ్చింది. ఏడవనిచ్చాను. నాకూ ఆగలేదు, దాచుకోవడం ఎందుకు.

ఆ తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం, అంతా తెలుగులోనే. ఎల్బీ నగర్ చౌరస్తా, గాజుల దుకాణం, మామిడికాయల రేట్లు, మా ఆవిడ మోకాలు, అన్నీ. ఇప్పుడు ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆమె ఫోన్ చేస్తుంది. ముందు నేను ఐదు ప్రశ్నలు అడుగుతాను. తర్వాత ఆమె అవే ఐదు నన్ను అడుగుతుంది, నేను ఏం కాలేదంటే ఒప్పుకోదు. సెలవుకు వచ్చినప్పుడు ఇద్దరం కలిసి బాటసింగారం పోవాలనుకున్నాం. గుట్ట కింద నిలబడి చెరకు రసం తాగుతాం. ఎక్కను.